చక్రం నేల తాకాక

శనివారం పొద్దున్నే తీర్పు వచ్చేసింది. చెప్పింది మామగారు. సాక్ష్యం ఆయన అరచేతిలోనే ఉంది. నిమ్మకాయంత వస్తువు. మధ్యలో ఇనుప గొట్టం, దాని చుట్టూ నల్లటి రబ్బరు, ఆ పైన ఇంకో ఇనుప కట్టు. రబ్బరు రెండు చోట్ల నెలవంకలా చిరిగిపోయి, లోపలి గొట్టం ఊడిపోబోయే పన్నులా కదులుతోంది.

"చూశారా? బుష్ ఇది. కారు ముందు కాళ్ళకి కీలు లాంటిది. పెట్టి ఏడాది కాలేదు. గుంట కనబడ్డప్పుడు బ్రేకు తొక్కాల్సిన చోట ఇంకోటి తొక్కితే ఇలాగే అవుతుంది."

ఆయన ఎవరినీ వేలెత్తి చూపలేదు. చూపక్కర్లేదు. ఆ ఇంట్లో కారు నడిపేది కోడలొక్కతే.

పెరట్లో కారు ముందుభాగం రెండు ఇనుప స్టాండ్ల మీద లేచి ఉంది. ఊడదీసిన చక్రాలు గోడకి ఆనించి ఉన్నాయి. మెట్ల మీద ఆమె భర్త టీ గ్లాసుతో కూర్చున్నాడు. గోడెక్కి కాళ్ళు ఊపుతున్నాడు మరిది. గుమ్మంలో అత్తగారు కూరగాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, కూరగాయలు తప్ప మిగతావన్నీ చూస్తోంది.

"వదిన నడుపుతుంటే రోడ్డే భయపడి పక్కకి తప్పుకుంటుంది నాన్నా," అన్నాడు మరిది. "మొన్న నన్ను బస్టాండులో దింపింది. దిగాక వెన్నుపూసలు లెక్కపెట్టుకున్నా. ఒకటి తక్కువొచ్చింది."

"ఆ ఒక్కటీ నీకు పుట్టుకతోనే లేదయ్యా," అందామె. "అందుకేగా పని చెబితే నడుం వంగదు."

అత్తగారు పకపకా నవ్వింది. మామగారు నవ్వలేదు.

"నవ్వులాట కాదు. ఇది రెండోసారి. మూడోసారి ఈ వయసులో నా వల్ల కాదు. ఈ రిపేరయ్యాక బండి చిన్నాడికిచ్చేద్దాం. కంపెనీ పని మీద ఊరంతా తిరుగుతున్నాడు, వాడికి పనికొస్తుంది. అమ్మాయిని ఎలాగూ ఆస్పత్రి కౌంటర్లో కూర్చోమంటున్నారుగా. నీడపట్టున పని. హాయి."

ఆమె భర్త వైపు చూసింది. అతను టీ గ్లాసులోకి చూశాడు.

"పోనీలే, చూద్దాం," అన్నాడు. ఆ మాటకి అతని భాషలో సరేననే అర్థం.

ఆమె ఇళ్ళకి వెళ్ళే నర్సు. మంచం దిగలేనివాళ్ళకి పుండ్లు కడగడం, గొట్టాలు మార్చడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం ఆమె పని. ఆ ఇళ్ళన్నీ బస్సు దిగి చాలాదూరం నడవాల్సిన సందుల్లో ఉంటాయి. కారు లేకపోతే రోజుకి రెండిళ్ళకి మించి వెళ్ళలేదు. ఆస్పత్రివాళ్ళు మర్యాదగానే అడిగారు, ఇళ్ళకి వెళతారా, లేక కౌంటర్లో కూర్చుని చీటీల మీద ముద్రలు వేస్తారా అని. జవాబు సోమవారం చెప్పాలి.

వాదించొచ్చు. కానీ వాదించడానికి నోట్లో మాట ఉండాలి. మట్టిగోడ మీద నీళ్ళు పడ్డట్టు, ఏడాదిగా పడుతూనే ఉన్న ఆ నింద ఆమెలోకీ ఇంకిపోయింది. మలుపులో టక్కుమని చప్పుడైతే కాలు బ్రేకు మీదికి పోయేది. అంచుదాకా నిండిన బిందె నెత్తిన పెట్టుకున్నట్టు నడిపేది. ఇళ్ళకి ఆలస్యంగా చేరి, తిట్లు తిని, అయినా తప్పు తన కాళ్ళదేనేమో అనుకునేది.

"పానాలు అందించే మనిషొకరు కావాలి," అన్నాడు మామగారు.

ఆ మాట వినగానే మరిదికి ఫోనొచ్చింది. పెద్దకొడుక్కి బజారు గుర్తొచ్చింది. ఆమె కొంగు దోపుకుని కారు పక్కన గొంతుక్కూర్చుంది.

వీధిలో ఆయన్ని అందరూ ఫోర్‌మన్ అంటారు. రిటైరయ్యేదాకా బస్సు డిపోలో అదే ఉద్యోగం. మనిషి మాటలో దురుసున్నా చేతిలో లేదు. ఎడమవైపు బోల్టు తుప్పుతో బిగుసుకుపోతే, దాని మీద కాస్త డీజిలు పోసి, సుత్తితో రెండుసార్లు తట్టి, పానా కింద పెట్టేసి చేతులు ముడుచుకున్నాడు.

"ఆగారేం మామయ్యా?"

"బోల్టుతో తగువు పెట్టుకోకూడదు. దానికీ ఆలోచించుకోడానికి కాస్త టైమివ్వాలి. బలవంతం చేశావో, తల తెగి నీ చేతిలోకొస్తుంది. మొండెం లోపలే ఉంటుంది."

కాసేపటికి ఆ బోల్టు కిర్రుమని ఒప్పుకుంది. ఆయన చక్రాన్ని మోసే ఇనుప చేతిని బయటికి లాగి, పెరటి బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి, పాత బుష్‌ని నెట్టేశాడు. బుష్ కూర్చునే గూటిని గరుకు కాగితంతో రుద్ది, వేలితో తడిమి, మళ్ళీ రుద్దాడు. కొత్త బుష్‌కి సబ్బునీళ్ళు రాసి, వైసు పిడిని కొద్దికొద్దిగా తిప్పుతూ అందులోకి ఎక్కించాడు. వంకర వస్తే వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ పని చూస్తూ కూర్చోవడం ఆమెకి ఇష్టంగానే ఉంది. తన పనిలాగే ఉంది. తొందరపడితే ఎవరికో నొప్పి.

"మా బస్సులకి ఈ సున్నితాలన్నీ ఎక్కడివి? ఇత్తడి బుష్, గ్రీజు. లోపల దానంతటదే తిరుగుతుంది. అంతే," అన్నాడాయన. "గ్రీజు కొట్టి వదిలేస్తే ఏళ్ళ తరబడి కన్నెత్తి చూడక్కర్లేదు. ఈ రబ్బరు యవ్వారం కార్లతో వచ్చిపడింది."

ఆమె చిరిగిన బుష్‌ని తీసుకుని వేళ్ళ మధ్య తిప్పింది. గాయాలు చూసి చూసి ఆమెకి ఒక అలవాటు. ఎలా తగిలిందో రోగి చెప్పకముందే గాయాన్నే అడుగుతుంది. బరువు పడి నలిగిన చోటు ఒకలా ఉంటుంది, మెలిక పడి చిరిగిన చోటు ఇంకోలా. ఈ రబ్బరు ఎక్కడా నలగలేదు. తడిగుడ్డని పిండినట్టు ఒకే వైపుకి మెలితిరిగి చిరిగింది.

"మామయ్యా, ఇది దెబ్బ తిన్నట్టు లేదు. ఎవరో మెలిపెట్టినట్టుంది."

"గుంటలో పడితే మెలికే పడుతుంది. ఆ సబ్బునీళ్ళు ఇటివ్వు."

ఆమె ఇచ్చింది.

మధ్యాహ్నం ఆమె బస్సెక్కి, ఒక సందు చివర ఉన్న టీచరుగారింటికి వెళ్ళింది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. చీలమండ బెణికి, వాచి, మంచానికి అతుక్కుపోయింది. మంచం అంచున కూర్చుని కాలు కిందికి వేలాడేసింది.

"పాదం నిలబెట్టండి టీచరుగారూ."

"ప్రతిసారీ ఇదే గోల నీతో. ఇలా వేలాడుతుంటే హాయిగా ఉందమ్మా. ఇలాగే కట్టేస్తే నీ సొమ్మేం పోయింది?"

"ఇలా కడితే ఇప్పుడు హాయిగానే ఉంటుంది. లేచి నిలబడగానే పాదం పైకి మడుచుకుంటుంది, కట్టు మడమని కోసేస్తుంది. నిలబడ్డప్పుడు కాలు ఎలా ఉంటుందో, కట్టేటప్పుడే అలా పెట్టి..."

ఆ మాట ఆమె ఎన్ని ఇళ్ళలో అందో లెక్కలేదు. ఈసారి మాత్రం సగంలో ఆగిపోయింది. చేతిలో కట్టుగుడ్డ చుట్ట అలాగే ఉంది.

కారు స్టాండ్ల మీద ఉంది. నేల ఆనడానికి చక్రాలు లేవు. ఎక్కించాక ఇనుప చేతులు కిందికి వేలాడుతుంటాయి. బోల్టులు బిగించేది అప్పుడే.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. మా కారు గుర్తొచ్చింది."

"నా కాలు చూస్తే కారు గుర్తొచ్చిందా?" టీచరుగారు తన కాలిని వాపుతో సహా తేరిపార చూసుకుంది. "ఇంకా నయం. లారీ గుర్తు రాలేదు."

ఆమె నవ్వుతూ పాదాన్ని అరచేత్తో పైకి ఎత్తిపట్టి కట్టు కట్టింది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు. ఎడమ పిడికిలిని కుడి అరచేత్తో గట్టిగా పట్టుకుని, మోచేతిని పైకీ కిందికీ ఆడించి చూసుకుంటూ కూర్చుంది. పక్కసీటామె కాస్త ఎడంగా జరిగింది.

ఆదివారం పొద్దున్నకి రెండు ఇనుప చేతులూ కారుకి ఎక్కేశాయి. కొత్త షాక్ అబ్జార్బర్లు కూడా పెట్టేశాడు మామగారు. కారు కింద వెల్లకిలా పడుకుని, పానాకి ఇనుప పైపు తొడిగి, బుష్‌ల బోల్టులకి ఆఖరి బిగింపు మొదలుపెట్టబోతున్నాడు.

"మామయ్యా, ఒక్క మాట."

"చెప్పు."

"ఆ రెండు బోల్టులూ ఇప్పుడు కాకుండా, బండి దించాక బిగిస్తే?"

పైపు ఆగింది. కారు కిందినుంచి ఆయన మొహం పక్కకి తిరిగి, కిందినుంచి పైకి ఆమెని చూసింది.

"బోల్టు వదులుగా పెట్టి బండి దించమంటావా?"

"ఇప్పుడు ఈ ఇనుప చేయి కిందికి వేలాడుతోంది కదా. దించగానే అది పైకి లేస్తుంది. ఇప్పుడు బిగిస్తే లోపలి రబ్బరు..."

"చూడమ్మా. డిపోలో ఉన్నన్నాళ్ళూ నేను చెప్పింది ఒకటే. చక్రం నేల తాకేముందు బండిలో ప్రతి బోల్టూ బిగిసి ఉండాలి. ఒకడు ఒక్క నట్టు మర్చిపోయి దించాడు. వాణ్ని ఆ పూటే ఇంటికి పంపించా. మనుషులు ఎక్కే బండి అది. నువ్వు ఎక్కే బండి ఇది."

ఆ ఆఖరి మాట ఆమెని ఆపేసింది. ఆయన అశ్రద్ధగా చేసి ఉంటే ఎదురు చెప్పడం సుళువు. ఆయన శ్రద్ధే ఇక్కడ అడ్డు నిలబడింది.

"సరే మామయ్యా. బిగించండి. దించేముందు ఒక్క గీత గీసుకోనా?"

"గీతా?"

ఆమె లోపలికెళ్ళి తన సంచిలోంచి తెల్లటి ప్లాస్టరు, పెన్నూ తెచ్చింది. ఆయన బిగించడం అయ్యాక, ఇనుప చేతి మీద బుష్ దగ్గర ఒక ప్లాస్టరు ముక్క, దాన్ని పట్టి ఉంచే కారు చట్రం మీద ఇంకో ముక్క అంటించి, రెండింటి మీదుగా ఒకే గీత నిటారుగా గీసింది.

"వాపు ఎంత పెరిగిందో తెలియడానికి రోగుల కాళ్ళకి ఇలాగే గీస్తాం."

"అయితే జ్వరం కూడా చూడు," అన్నాడాయన. "ఇంజను వేడిగా ఉందేమో."

చక్రాలు పెట్టి, స్టాండ్లు తీసి, జాకీ దించారు. కారు ఒళ్ళు విరుచుకున్నట్టు మూలిగి నేల మీద నిలబడింది. మరిది ముందుకొచ్చి బానెట్ మీద రెండు చేతులూ వేసి నాలుగు సార్లు కిందికి నొక్కాడు. "ఆహా, పరుపులా ఉంది," అన్నాడు. "వదినా, బండి తాళాలు రెడీగా పెట్టు."

మామగారు టార్చి పట్టుకుని చక్రం వెనక్కి వంగాడు. వంగినవాడు లేవలేదు.

ఆమె కూడా వంగి చూసింది. గీత రెండు ముక్కలైంది. కింది ముక్కకీ పై ముక్కకీ మధ్య వేలు పట్టేంత ఎడం. బోల్టు లోపలి గొట్టాన్ని చట్రానికి అదిమిపట్టి కదలనివ్వదు. బయట ఇనుప చేయి తిరిగిపోయింది. ఆ రెండింటి మధ్యా ఉన్నది రబ్బరు ఒక్కటే. కారు ఇంకా గడప దాటలేదు. ఒక్క గుంట కూడా చూడలేదు.

ఆయన టార్చి ఆర్పాడు.

"భోజనం వేళయింది," అని లోపలికి వెళ్ళిపోయాడు.

భోజనం దగ్గర ఆయన నీళ్ళు తప్ప ఏదీ అడగలేదు. అత్తగారు రెండుసార్లు ఉప్పు సరిపోయిందా అంటే రెండుసార్లూ తలూపాడు, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా. ఆయన చేయి కడుక్కుని వెళ్ళాక, భర్త వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"నాన్నని ఏమన్నా అన్నావా?"

"ఏమీ అనలేదు. గీత గీశానంతే."

"అది అనడం కంటే ఎక్కువైనట్టుంది. పెద్దాయన కదా. ఆ చేతులతో బతికిన మనిషి. పోనీలే, ఇకనుంచి జాగ్రత్తగా నడుపుతానని నువ్వే ఒక మాటనేయ్. ఆయన చల్లబడతాడు. కారు సంగతి మెల్లిగా నేను మాట్లాడతాను."

ఆమె గిన్నె తోముతూనే ఉంది.

"జాగ్రత్తగా నడుపుతానంటే, ఇన్నాళ్ళూ నడపలేదని ఒప్పుకున్నట్టేగా?"

"మాటవరసకి..."

"ఏడాది ఒప్పుకున్నాను. మీరందరూ అంటుంటే నిజమేననుకున్నాను. మలుపు వస్తే ఊపిరి బిగబట్టి నడిపాను. ఇంక ఒప్పుకోను." గొంతు పెరగలేదు. గిన్నె బోర్లించి ఇంకోటి తీసుకుంది. "ఆయన్ని ఒప్పుకోమని కూడా అడగను. కానీ నేను ఒప్పుకోను."

భర్త నోరు తెరిచాడు. పోనీలే అనబోయి మానేసినట్టు తెలిసింది. పొడిగుడ్డ తీసుకుని, ఆమె కడిగిన గిన్నెలు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు.

అప్పుడే పెరట్లో వైసు కిర్రుమంది. ఇద్దరూ కిటికీలోంచి చూశారు.

మామగారు కారు రెండోవైపు నుంచి ఊడదీసిన పాత బుష్‌ని వైసులో బిగించాడు. అది ఇంకా పూర్తిగా చిరగలేదు. లోపలి గొట్టంలోకి ఒక కమ్మీ దిగ్గొట్టి, దాన్ని వేలు మందాన పక్కకి తిప్పి, అలాగే పట్టుకున్నాడు. రబ్బరు మీదికి వంగి చూశాడు. ఇంకాస్త తిప్పి పైకీ కిందికీ ఆడించాడు. మళ్ళీ వంగాడు. చాలాసేపు అదే పని. ఒక చోట ఆగి, కమ్మీ వదిలేసి, బొటనవేలితో రబ్బరు కొత్తగా చిరిగిన చోటుని తడిమాడు. మొదట చిరిగిన బుష్‌ని జేబులోంచి తీసి దాని పక్కన పెట్టాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకుని మళ్ళీ చూశాడు.

తర్వాత స్టూలు మీద కూర్చుండిపోయాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద వేలాడుతున్నాయి. ఆయన పని లేకుండా పెరట్లో కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"టీ తీసుకెళ్ళనా?" అంది.

"వద్దు," అన్నాడు భర్త. "కాసేపు ఉండనీ."

ఎండ తగ్గుముఖం పట్టాక పెరట్లో జాకీ చప్పుడు మొదలైంది. మామగారు ఒక్కో చక్రాన్నీ కాస్త లేపి, కింద మందపాటి చెక్కలు పేర్చి దించుతున్నాడు. నాలుగు చక్రాలూ చెక్కల మీద నిలబడ్డాక, ముందూ వెనకా ఇటుకలు అడ్డం పెట్టాడు. కారు కింద ఒక మనిషి దూరేంత చోటు వచ్చింది. బరువంతా మాత్రం కారు కాళ్ళ మీదే ఉంది. పెద్దకొడుకు వచ్చి ఏమైనా సాయం కావాలా అంటే, చాప ఒకటి తెమ్మన్నాడు.

చాప మీద పడుకుని లోపలికి జరిగాడు. పొద్దున్న అంత బలంగా బిగించిన బోల్టులు వదులవుతున్న చప్పుడు వినబడింది. మొదటిది వదిలినప్పుడు కారు చిన్నగా కుదుపు తిని కుదురుకుంది, నెత్తి మీది బరువు దించుకున్న మనిషిలా.

మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తండ్రి పాదాలు తప్ప ఏమీ కనబడలేదు. ఆ పాదాలతోనే మాట్లాడాడు.

"నాన్నా, అయిందా? అలా ఒక రౌండు కొట్టొస్తా."

"ఇంకా బిగించాలి."

"పొద్దున్న బిగించావుగా."

"మళ్ళీ బిగించాలి. లోపల మనిషి బరువుండాలి."

"దానికేం భాగ్యం? నేను కూర్చుంటా. రేపట్నుంచి ఎలాగూ నేనేగా." తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కారు కొద్దిగా కుంగింది. అద్దంలో జుట్టు సరిచేసుకున్నాడు.

కింద పానా చప్పుడు రాలేదు.

"దిగరా," అంది కింది గొంతు.

"ఏం? నా బరువు చాలదా? అమ్మ వండేదంతా ఎక్కడికి పోయినట్టు?"

"నీ బరువుకి బిగించి ఏం లాభం? రోజూ నడిపే మనిషి బరువుకి బిగించాలి. వదినని పిలు."

మరిది సీట్లోంచి అన్న వైపు చూశాడు. అన్న మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఈసారి ఎటూ చూపు తిప్పుకోలేదు.

"విన్నావుగా," అన్నాడు. "దిగు."

మరిది దిగాడు. కాస్త మొహం ముడుచుకున్నాడు, తర్వాత గుమ్మం వైపు తిరిగి అరిచాడు. "వదినా! నిన్ను తూకం వేస్తారట. రా!"

ఆమె తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మెట్లు దిగి, ఆ పాదాలని చూసి, ఒక్క క్షణం ఆగింది. తలుపు తీసి కూర్చుంది.

"సీటు నీకు ఎప్పుడూ ఎంత ముందుకుంటే అంత ముందుకి జరుపుకో," అంది కింది గొంతు. "మందుల సంచి ఎక్కడ పెడతావు?"

"పక్క సీట్లో మామయ్యా."

"అదీ పెట్టు."

భర్త లోపలికెళ్ళి సంచి తెచ్చి పక్క సీట్లో పెట్టాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

పానా బోల్టుని పట్టుకుంది. ఆ కిర్రు నేలలోంచి పాకి ఆమె అరికాళ్ళకి తెలిసింది. ఆయన ఒకసారి బిగించి ఊపిరి తీసుకున్నాడు.

"మొదటి జత కూడా గాల్లో ఉండగానే బిగించాను," అన్నాడు. గొంతు కారు కిందినుంచి వస్తోంది, మొహం ఎవరికీ కనబడదు. "రెండుసార్లూ తెంపింది నేనే. నీ కాళ్ళు కాదు."

గుమ్మంలో అత్తగారు నిలబడిపోయింది. మరిది చేతులు జేబుల్లో పెట్టుకుని కిందికి చూశాడు. ఆమెకి ఏదో ఒకటి అనాలనిపించింది, పరవాలేదు మామయ్యా అని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. పరవాలేదనడానికి ఏడాది ఎక్కువ. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

పైపు మళ్ళీ కదిలింది. ఇంకో పట్టు, ఇంకో పట్టు.

"రేపు ఎటు వెళ్ళాలి?" అని అడిగాడు.

"క్వారీ పక్క కాలనీకి. ముగ్గురున్నారు అక్కడ." ఆగి, ఉన్నమాట చెప్పింది. "రోడ్డు బాగుండదు."

చాప మీద ఆయన పక్కకి జరుగుతున్నట్టు వినబడింది.

"ఉండకపోతే ఉండదు. నీ పద్ధతిలో నువ్వు నడుపు," అన్నాడు. "కదలకు. అటువైపు ఇంకా ఉంది."